ఇసుక మూకుడులో బిస్కెట్లు

సాయంత్రం చినుకులు పడుతున్నాయి. పొయ్యి మీద టీ కాగుతోంది. తీరా డబ్బా తీసి చూస్తే బిస్కెట్లు అయిపోయాయి. “మనమే చేసుకుంటే పోలా?” అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. వెంటనే ఇంకొకరు, “మనింట్లో ఓవెన్ ఏదీ?” అంటారు. మాట అక్కడితో ఆగిపోతుంది. ఇలాంటి సాయంత్రం మీ ఇంట్లోనూ గడిచే ఉంటుంది.

ఓవెన్ అంటే ఏమిటి? నలువైపుల నుంచీ సమానంగా, నిలకడగా వేడి తగిలేలా చేసిన పెట్టె. అంతే. ఆ పని ఒక దళసరి మూకుడు, రెండు గుప్పెళ్ళ ఇసుక, ఒక మూత కూడా చేయగలవు. కొలవడానికి త్రాసు అక్కరలేదు, ఒక కప్పు చాలు. కలపడానికి యంత్రం అక్కరలేదు, చేతివేళ్ళు చాలు. ఒక్కో పరికరం అసలు ఏ పని చేస్తుందో తెలిస్తే, ఆ పని వేరే దేనితో చేయించవచ్చో మనకే తోస్తుంది. ఈ వ్యాసంలో బిస్కెట్లు చేసే పద్ధతితోపాటు, ప్రతి మెట్టు వెనక ఉన్న కారణం కూడా తెలుసుకుందాం. చివర్లో అంట్ల సంగతి కూడా ఉంది. దాన్ని మాత్రం వదిలేయకండి.

పేరులో ఏముంది?

‘బిస్కెట్’ అనే మాట లాటిన్ భాష నుంచి వచ్చింది. ‘రెండుసార్లు కాల్చినది’ అని దాని అర్థం. పూర్వం ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసేవాళ్ళ కోసం రొట్టెను ఒకసారి కాల్చి, తడి పూర్తిగా పోయేదాకా మళ్ళీ కాల్చేవారు. తడి లేనిచోట బూజు పెరగదు కనుక అది చాలాకాలం నిలవ ఉండేది. అమెరికాలో వాడే ‘కుకీ’ అనే మాట డచ్చి భాషది. ‘చిన్న కేకు’ అని అర్థం.

మన దేశపు కుకీ నాన్‌ఖటాయ్. పారశీకంలో ‘నాన్’ అంటే రొట్టె. గుజరాత్‌లోని సూరత్ నగరంలో ఒకప్పుడు డచ్చివాళ్ళు నడిపిన రొట్టెల బట్టీల నుంచి ఇది పుట్టిందని అక్కడివాళ్ళు చెప్పుకొంటారు. హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో చాయ్‌తో ఇచ్చే ఉస్మానియా బిస్కెట్ కూడా, నోట్లో వేసుకుంటే విరిగి కరిగే ఈ కోవకే చెందుతుంది. మనం ఈరోజు చేయబోయేది నాన్‌ఖటాయే. దీనికి గుడ్డు అక్కరలేదు, నీళ్ళు అక్కరలేదు, అచ్చులు అక్కరలేదు. పరికరాలు తక్కువగా ఉన్నవాళ్ళకు ఇంతకంటే అనువైన బిస్కెట్ లేదు.

జంతిక చెప్పే రహస్యం

పండగకు జంతికలు చేసేటప్పుడు పెద్దవాళ్ళు పిండిలో కాచిన నూనె గానీ, కాస్త వెన్న గానీ వేసి కలపడం మీరు చూసే ఉంటారు. ఎందుకని అడిగితే, “గుల్లగా వస్తాయి” అంటారు. నాన్‌ఖటాయ్ గుల్లదనానికి కూడా మూలం నెయ్యి లేదా వెన్నలోని కొవ్వే. అయితే జంతికల్లో వాడే బియ్యప్పిండి కంటే గోధుమ పిండిలో కొవ్వుకు ఒక పని ఎక్కువ ఉంటుంది.

గోధుమ పిండిలో రెండు రకాల ప్రోటీన్లు ముఖ్యమైనవి. వాటి పేర్లు గ్లూటెనిన్, గ్లయాడిన్. పిండిలో నీళ్ళు పోసి పిసికితే ఇవి రెండూ ఒకదానితో ఒకటి అల్లుకుని సాగే వలలా తయారవుతాయి. ఆ వలనే గ్లూటెన్ అంటారు. ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన బెక్కారి అనే శాస్త్రవేత్త గోధుమ పిండి నుంచి దీన్ని వేరుచేశాడు. ఆయన వివరణ 1745లో అచ్చయింది. ఆయన చేసిన పని మీరూ చేయవచ్చు. చపాతీ పిండి ముద్దను నీళ్ళ గిన్నెలో ఉంచి వేళ్ళతో మెల్లగా పిసుకుతూ, తెల్లనీళ్ళు పారబోస్తూ ఉండండి. పిండిపదార్థమంతా పోయాక చూయింగ్ గమ్ లాంటి బంక మిగులుతుంది. అదే గ్లూటెన్. పూరీ, చపాతీ సాగడానికి, రొట్టె పొంగడానికి అదే కారణం.

బిస్కెట్‌కు మాత్రం ఈ వల శత్రువు. వల అల్లుకుంటే బిస్కెట్ గుల్లగా విరగదు, గట్టిగా తయారవుతుంది. అందుకే ముందు పిండికి నెయ్యి పట్టిస్తాం. నెయ్యి పిండి రేణువుల చుట్టూ పొరలా కమ్ముకుంటుంది. నీళ్ళు లేక, పక్క రేణువు అందక, ప్రోటీన్లు అల్లుకోలేవు.

ఇక్కడ నెయ్యికీ వెన్నకూ తేడా గమనించండి. బజారులో అమ్మే వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు, 16 శాతం దాకా నీరు ఉంటాయి. వెన్న కాచినప్పుడు చిటపటమని పోయేది ఆ నీరే. అందువల్ల నెయ్యి దాదాపు పూర్తిగా కొవ్వే. వెన్నతో చేసిన బిస్కెట్ కొంచెం గట్టిగా, నెయ్యితో చేసింది ఇసుకలా రాలిపోయేలా రావడానికి కారణం ఇదే.

వనస్పతి వాడవచ్చా అని మీరు అడగవచ్చు. నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచేటప్పుడు ట్రాన్స్ కొవ్వులు ఏర్పడతాయి. అవి గుండెకు చెరుపు చేస్తాయి. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ఇలాంటి ట్రాన్స్ కొవ్వులు 2 శాతానికి మించకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన నియమం 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇంట్లో పేరిన నెయ్యి ఉంటే ఆ ఆలోచనే అక్కరలేదు. అయితే నెయ్యి కూడా కొవ్వే. రోజూ గుప్పెడు బిస్కెట్లు తినమని ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

తెల్లబడే నెయ్యి

నెయ్యి పేరుకుని ఉండాలి, కరిగి ఉండకూడదు. పేరిన నెయ్యిలో కొవ్వు సన్నని స్ఫటికాలుగా ఉంటుంది. దానిలో పొడి పంచదార వేసి వేళ్ళతో గుండ్రంగా రుద్దుతూ ఉంటే, పంచదార రేణువులతోపాటు గాలి కూడా లోపలికి చేరుతుంది. కొవ్వు స్ఫటికాలు ఆ గాలి బుడగలను పట్టి ఉంచుతాయి. అయిదు నిమిషాల్లో పసుపు పచ్చని నెయ్యి తెల్లబడి, వెన్నలా మెత్తనవుతుంది. తెల్లదనం ఎక్కడిది? లక్షల కొద్దీ చిన్న బుడగలు కాంతిని అన్ని దిక్కులకూ చెదరగొడతాయి. సబ్బు నురగ తెల్లగా కనిపించడానికి కారణం కూడా ఇదే.

కరిగిన నెయ్యి ఈ బుడగలను పట్టి ఉంచలేదు. మన ఎండాకాలంలో నెయ్యి దానంతటదే నూనెలా కరిగిపోతుంది. అప్పుడు గిన్నెను చల్లని నీళ్ళున్న పళ్ళెంలో కాసేపు ఉంచితే పేరుకుంటుంది.

సోడా ఏం చేస్తుంది?

మనం వాడేది వంట సోడా. రసాయన నామం సోడియం బైకార్బొనేట్. బట్టలు ఉతికే సోడా వేరు, అది సోడియం కార్బొనేట్. రెండూ తెల్లని పొడులే కనుక పొట్లం మీద పేరు చూసి మరీ తీయండి.

వంట సోడాకు పుల్లని పదార్థం తగిలితే కార్బన్ డయాక్సైడ్ వాయువు వస్తుంది. పుల్లనిది లేకపోయినా, వేడి తగిలితే సోడా తనంతట తానే విడిపోతుంది. సోడియం కార్బొనేట్, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఏర్పడతాయి. ఈ వాయువులు మనం ముందే చేర్చిన గాలి బుడగల్లోకి చేరి వాటిని ఉబ్బిస్తాయి. బిస్కెట్ పొంగుతుంది.

సోడా ఎక్కువైతే మరీ మంచిదనుకోకండి. వాయువు పోగా మిగిలే సోడియం కార్బొనేట్ సబ్బు లాంటి వెగటు రుచినిస్తుంది. ఈ చిక్కు తప్పించడానికే సోడాతోపాటు పొడిగా ఉండే ఆమ్లాన్ని కలిపి బేకింగ్ పౌడర్ తయారుచేశారు. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ 1843లో దీన్ని రూపొందించాడు. మన బిస్కెట్‌కు చిటికెడు వంట సోడా సరిపోతుంది.

చేసి చూడండి: పారాణి పరీక్ష

పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుంది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందన్నమాట. ఈ గుణంతో సోడాలో వచ్చే మార్పును పట్టుకుందాం. పొడి ఇనుప గరిటెలో అర చెంచా వంట సోడా వేసి సన్నని మంట మీద అయిదు నిమిషాలు వేడిచేయండి. గరిటె కాడను మందపాటి గుడ్డతో పట్టుకోండి. పూర్తిగా చల్లారాక ఆ పొడిని అర గ్లాసు నీళ్ళలో వేయండి. వేడిచేయని సోడా అర చెంచా మరో అర గ్లాసు నీళ్ళలో వేయండి. రెండింటిలోనూ చిటికెడు పసుపు వేసి కలపండి. మొదటి గ్లాసు రెండోదానికంటే బాగా ఎర్రబడుతుంది. బలహీనమైన క్షారం వేడికి బలమైన క్షారంగా మారిందని దీన్నిబట్టి తెలుస్తుంది. బిస్కెట్ లోపల జరిగేదీ ఇదే.

ఇసుక ఎందుకు?

ఇసుకలో వేరుశనక్కాయలు వేయించే బండిని గుర్తుతెచ్చుకోండి. కాయలను నేరుగా ఇనుప బాండీలో వేస్తే మంట తగిలేచోట మాడిపోతాయి, మిగతాచోట పచ్చిగా ఉంటాయి. వేడి ఇసుకలో వేస్తే అన్నీ ఒకేలా వేగుతాయి. ఇసుక రేణువుల మధ్య గాలి ఉంటుంది కనుక వేడి నెమ్మదిగా పాకుతుంది. పొయ్యి మంటలోని ఎగుడుదిగుడులు పైకి తెలియవు. పైగా ఒకసారి వేడెక్కిన ఇసుక త్వరగా చల్లారదు. మంట కొంచెం పెరిగినా తగ్గినా మూకుడు లోపలి వేడి నిలకడగా ఉంటుంది.

వేడి మూడు రకాలుగా ప్రయాణిస్తుందని మీరు పాఠాల్లో చదివే ఉంటారు. మన మూకుడులో మూడూ కనిపిస్తాయి. మూకుడు నుంచి ఇసుకకు, ఇసుక నుంచి స్టాండుకు, స్టాండు నుంచి పళ్ళానికి చేరేది ఉష్ణవహనం. మూత కింద తిరిగే వేడిగాలి తెచ్చేది ఉష్ణసంవహనం. వేడెక్కిన గోడలు వెదజల్లేది ఉష్ణవికిరణం. ఓవెన్‌లో పైనుంచి కూడా వికిరణం బలంగా తగులుతుంది. మన మూకుడులో మూత అన్నిటికంటే చల్లగా ఉండే భాగం. అందుకే బిస్కెట్ల అడుగు ముందు ఎర్రబడి, పైభాగం తెల్లగా ఉండిపోతుంది. ఈ లోపం మన పెద్దలకు తెలుసు. దిబ్బరొట్టె కాల్చేటప్పుడు, బిరియానీ దమ్ చేసేటప్పుడు మూత మీద నిప్పులు పోసేవారు. పైనుంచి కూడా వేడి తగలడానికి చేసిన ఏర్పాటు అది. గ్యాసు పొయ్యి మీద ఆ పని చేయకండి. మంట తగ్గించి, కొంచెం ఎక్కువసేపు ఉంచితే చాలు.

ముందు జాగ్రత్తలు

ప్రెషర్ కుక్కర్ వాడదామని చాలామందికి తోస్తుంది. నీళ్ళు లేకుండా కాల్చడానికి కుక్కర్ మూత పనికిరాదు. దాని రబ్బరు రింగు వేడికి పాడవుతుంది. రక్షణ కోసం చాలా మూతల్లో ఎక్కువ వేడికి కరిగిపోయేలా చేసిన లోహపు బిళ్ళ ఉంటుంది. అదీ చెడిపోతుంది. ఇక మూత బిగించి, ఆవిరి పోయే దారి మూసేస్తే ప్రమాదమే. కనుక దళసరి ఇనుప మూకుడు గానీ, పాత అల్యూమినియం గిన్నె గానీ తీసుకుని, పైన వెడల్పాటి పళ్ళెం బోర్లించండి. నాన్‌స్టిక్ గిన్నె అసలు వద్దు. ఖాళీగా బాగా కాలితే దాని పూత నుంచి హానికరమైన పొగలు వస్తాయి.

ఇసుకను జల్లించి, కడిగి, బాగా ఎండబెట్టాలి. ఇసుక బదులు ఉప్పు వాడేవాళ్ళూ ఉన్నారు. అల్యూమినియం గిన్నెలో మాత్రం ఉప్పు వద్దు, చెమ్మ తగిలితే లోహాన్ని తినేస్తుంది. వేడి ఇసుకలో నీటిచుక్క పడనివ్వకండి. పొయ్యి ఆపిన గంట తర్వాత కూడా ఇసుక చేయి కాలేంత వేడిగా ఉండవచ్చు. స్కూలు పిల్లలైతే పొయ్యి దగ్గర పెద్దవాళ్ళను తోడు ఉంచుకోండి. పచ్చి పిండి ముద్ద నాకి రుచి చూడకండి. కాల్చని పిండిలో హానిచేసే సూక్ష్మజీవులు ఉండే వీలుంది.

కావలసినవి

ఒకే కప్పు తీసుకుని అన్నిటినీ దానితోనే కొలవండి. కప్పు చిన్నదైనా పెద్దదైనా పాళ్ళు మారవు.

మైదా: 1 కప్పు (మామూలు టీ కప్పుతో సుమారు 120 గ్రాములు)
శనగపిండి: 2 చెంచాలు
పంచదార పొడి: అర కప్పు
పేరిన నెయ్యి: అర కప్పుకు కొంచెం తక్కువ
వంట సోడా: చిటికెడు
యాలకుల పొడి, ఉప్పు: చెరి చిటికెడు

పంచదార కోసం మిక్సీ తీస్తే కడగవలసిన గిన్నె ఒకటి పెరుగుతుంది. మందపాటి ప్లాస్టిక్ సంచిలో పంచదార పోసి, అప్పడాల కర్రతో దొర్లిస్తే మెత్తగా నలుగుతుంది.

చేసే విధానం

1. మూకుడు అడుగున రెండు సెంటీమీటర్ల మందాన ఇసుక పరవండి. మధ్యలో చిన్న స్టాండు గానీ, బోర్లించిన చిన్న స్టీలు గిన్నె గానీ పెట్టండి. మూత పెట్టి మధ్యస్థమైన మంట మీద 10 నుంచి 15 నిమిషాలు వేడెక్కనివ్వండి.

2. ఈలోగా ఒక వెడల్పాటి గిన్నెలో నెయ్యి, పంచదార పొడి వేసి తెల్లబడేదాకా వేళ్ళతో రుద్దండి.

3. అదే గిన్నెలో మైదా, శనగపిండి, సోడా, ఉప్పు, యాలకుల పొడి వేసి వేళ్ళ కొసలతో కలపండి. చపాతీ పిండిలా మర్దించవద్దు. ముద్దగా దగ్గరపడగానే ఆపండి. పొడిపొడిగా ఉంటే ఇంకో అర చెంచా నెయ్యి వేయండి, నీళ్ళు మాత్రం పోయకండి.

4. ఆ ముద్దతోనే గిన్నె గోడలను తుడిచేయండి. నెయ్యి ఉన్న పిండి అంటుకున్నదంతా లాగేస్తుంది. గిన్నె సగం శుభ్రమైనట్టే.

5. పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి, కొంచెం నొక్కండి. సుమారు 15 వస్తాయి. మూకుడులో పట్టే స్టీలు పళ్ళెంలో ఎడంఎడంగా ఆరేడు పెట్టండి. పళ్ళేనికి నెయ్యి రాయనక్కరలేదు, బిస్కెట్‌లో ఉన్నదే చాలు. కింద న్యూస్‌పేపరు మాత్రం పరవకండి, దాని సిరాలోని పదార్థాలు తిండికి అంటుకుంటాయి.

6. పళ్ళేన్ని పట్టకారుతో స్టాండు మీద పెట్టి, మూత వేసి, మంట బాగా తగ్గించండి. మూత అంచు దగ్గర సన్నని సందు ఉండనివ్వండి. 12 నిమిషాలకు ఒకసారి తీసి చూడండి. మొత్తం 15 నుంచి 22 నిమిషాలు పట్టవచ్చు. అంచులు లేత బంగారు రంగుకు రాగానే దించండి.

7. వేడిమీద బిస్కెట్ మెత్తగానే ఉంటుంది. కాలలేదనుకుని మళ్ళీ పెట్టకండి. పావుగంట కదిలించకుండా ఉంచితే గట్టిపడుతుంది.

మూత కింద ఇరవై నిమిషాలు

మనం పిండిలో నీళ్ళు పోయలేదు. అయినా మూత తీస్తే ఆవిరి వస్తుంది. ఎక్కడిదది? పొడిగా కనిపించే మైదాలోనే 12 నుంచి 14 శాతం దాకా తేమ ఉంటుంది. అంటే మీ కప్పు మైదాలో దాదాపు మూడు చెంచాల నీరు దాగి ఉంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మూత అంచున సందు వదలమన్నది ఈ ఆవిరి పోవడానికే. పోకపోతే మూతకు చుక్కలు పట్టి, బిస్కెట్ల మీద రాలతాయి.

లోపల జరిగేవి వరుసగా చూద్దాం. మొదట 40 డిగ్రీల లోపే నెయ్యి కరుగుతుంది. ఉండ కొంచెం చదునవుతుంది. వేడి ఇంకా పెరిగేకొద్దీ సోడా విడిపోతూ వాయువు వదులుతుంది. ప్రోటీన్లు బిగుసుకుంటాయి. 100 డిగ్రీల దగ్గర నీరు ఆవిరవుతుంది. పైపొర ముందుగా ఆరి గట్టిపడుతుంది. లోపల ఇంకా ఉబ్బుతూనే ఉంటుంది. అందుకే పైన బీటలు వస్తాయి. నాన్‌ఖటాయ్‌కి ఆ బీటలే అందం.

ఇంకో వింత. సినిమా పోస్టర్లు అంటించడానికి మైదాను నీళ్ళలో ఉడికించి జిగురు చేస్తారు. అదే మైదాను కాల్చితే బిస్కెట్ జిగురుగా ఎందుకు లేదు? పిండిపదార్థపు రేణువులు ఉబ్బి జిగురుగా మారాలంటే వేడితోపాటు నీరు కూడా బాగా కావాలి. ఇక్కడ నీరు లేదు, ఉన్న కాస్తా పోయింది. అందుకే చాలా రేణువులు విడివిడిగానే ఉండిపోయి, నోట్లో ఇసుకలా రాలతాయి.

రంగు, వాసన ఎక్కడివి?

ఉపరితలం ఆరి, 140 డిగ్రీలు దాటాక అసలైన కమ్మదనం మొదలవుతుంది. ప్రోటీన్లలోని ఎమినో ఆమ్లాలు కొన్ని చక్కెరలతో కలిసి బంగారు రంగునూ, వందల రకాల సువాసన పదార్థాలనూ పుట్టిస్తాయి. ఫ్రాన్స్‌కు చెందిన లూయీ కమీ మయ్యార్ 1912లో దీన్ని వర్ణించాడు. అందుకే దీనికి మయ్యార్ చర్య అని పేరు. దోసె ఎర్రబడటం, కాఫీ గింజలు వేగడం, వేయించిన వేరుశనగ వాసన, అన్నీ దీని పుణ్యమే. మనం వేసిన శనగపిండిలో ప్రోటీన్లు ఎక్కువ కనుక రంగు తొందరగా వస్తుంది.

అయితే రంగు ముదిరేదాకా కాల్చకండి. పిండిపదార్థాలున్న తిండిని 120 డిగ్రీలకు మించి వేడిచేస్తే ఎక్రిలమైడ్ అనే హానికర పదార్థం కొంత ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. ఎక్కువ మాడితే అది ఎక్కువ అవుతుంది. లేత బంగారు రంగు రుచికీ మంచిది, ఒంటికీ మంచిది.

మొదట ఒక్కటే కాల్చండి

మీ పొయ్యి మంట వేరు, మీ మూకుడు మందం వేరు. ఈ వ్యాసంలో రాసిన నిమిషాలు మీ ఇంట్లో అచ్చంగా సరిపోవాలని లేదు. కాబట్టి మొదటి వాయిలో ఒకే ఒక్క బిస్కెట్ కాల్చి చూడండి. పాడైనా పోయేది ఒక్కటే. ఏం జరిగిందో చూసి, ఒక్క సంగతి మాత్రమే మార్చి, మళ్ళీ చూడండి. మంట, నెయ్యి, సోడా అన్నీ ఒకేసారి మారిస్తే, దేనివల్ల బాగుపడిందో మీకు తెలియదు. ప్రయోగశాలలో కూడా పాటించే నియమం ఇదే.

అడుగు మాడి, పైన పచ్చిగా ఉంటే మంట ఎక్కువైంది. మంట తగ్గించండి, స్టాండు ఎత్తు పెంచండి.

పూర్తిగా పరుచుకుపోతే నెయ్యి కరిగి ఉంది లేదా ఎక్కువైంది. ఉండలను పావుగంట చల్లనిచోట ఉంచండి, లేదా ఒక చెంచా మైదా కలపండి.

రాయిలా గట్టిగా ఉంటే పిండిని ఎక్కువ మర్దించారు, లేదా తడి తగిలింది, లేదా ఎక్కువసేపు కాల్చారు.

ముట్టుకుంటేనే పొడి అయిపోతే నెయ్యి చాలలేదు.

సబ్బు రుచి వస్తే సోడా ఎక్కువైంది.

మర్నాటికి మెత్తబడితే గాలిలోని చెమ్మ పీల్చుకుంది. రొట్టె గాలికి గట్టిపడుతుంది, బిస్కెట్ మెత్తబడుతుంది. వేడి మూకుడులో మళ్ళీ అయిదు నిమిషాలు ఉంచితే చెమ్మ పోతుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. వేడిమీద పెడితే వాటి ఆవిరే వాటిని మెత్తబరుస్తుంది.

చివరి ప్రయోగం: అంట్లు

బిస్కెట్లు మీరు చేసి, అంట్లు అమ్మకు వదిలేస్తే ప్రయోగం పూర్తికాలేదనే అర్థం. ప్రయోగశాలలో బల్ల శుభ్రం చేయకుండా ఎవరినీ బయటికి వెళ్ళనివ్వరు కదా. అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా ఈ నియమం ఒక్కటే. అదృష్టవశాత్తూ ఇక్కడ తోమవలసినవి ఒక గిన్నె, ఒక పళ్ళెం, కప్పు, చెంచా. అంతే.

నెయ్యి గిన్నెను నేరుగా చన్నీళ్ళ కింద పెడితే జిడ్డు వదలదు, ఇంకా పేరుకుంటుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. కొవ్వును తమలో కలవనివ్వవు. కనుక ముందు నీళ్ళు తగలకుండా, అర చెంచా శనగపిండి గిన్నెలో చల్లి, వేళ్ళతో రుద్ది దులపండి. పొడి పిండి జిడ్డును పీల్చేస్తుంది. ఒంటికి నూనె రాసుకున్నాక సున్నిపిండితో నలుగు పెట్టుకోవడంలో ఉన్న సూత్రమే ఇది. తర్వాత వేడినీళ్ళు పోయండి. నెయ్యి 40 డిగ్రీల లోపే కరుగుతుంది కనుక, చేయి పట్టగలిగేంత వేడి చాలు.

మిగిలిన పలచని పొరకు సబ్బు. సబ్బు అణువుకు రెండు కొసలు. ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస కొవ్వును. కొవ్వు కొసలన్నీ నెయ్యి బిందువులోకి గుచ్చుకుంటాయి, నీటి కొసలు బయటికి ఉంటాయి. అలా బిందువు నీటిలో తేలి కొట్టుకుపోతుంది. ముందే పిండితో తుడిచారు కనుక సబ్బు కొంచెమే పడుతుంది. నీళ్ళు కూడా ఆదా. జిడ్డు పిండిని తూములో పోయకండి. లోపల పేరుకుని అడ్డుపడుతుంది. చెత్తబుట్టలో వేయండి. ఇసుక పూర్తిగా చల్లారాక డబ్బాలో పోసి దాచుకోండి, మళ్ళీ వాడుకోవచ్చు.

ఇప్పుడు టీ మళ్ళీ వేడిచేయండి. ఒక బిస్కెట్ చేతిలోకి తీసుకుని విరిచి చూడండి. లోపలి సన్నని రంధ్రాలు మీరు వేళ్ళతో రుద్ది చేర్చిన గాలివి, సోడా వదిలిన వాయువువి. పైన బీటలు మైదాలో దాగిన నీటివి. అంచున ఉన్న బంగారు రంగు 1912లో మయ్యార్ వర్ణించినది. ఇక ఎవరైనా “మనింట్లో ఓవెన్ ఏదీ?” అంటే, ఇసుక మూకుడు చూపించండి.